అడగకముందే ఐగుప్తు దారి పట్టినవాళ్లు

"ప్రార్థన చేశాం, ప్రభువు మాట ఇచ్చాడు." ఈ మాట పడ్డాక మన ఇళ్లలో ఇంకెవరూ నోరు విప్పరు. అమ్మాయి పెళ్లి కావచ్చు, పొలం అమ్మకం కావచ్చు, ఉన్న ఉద్యోగం మానేసి సేవకు వెళ్లడం కావచ్చు, ఇల్లు తాకట్టు పెట్టి పిల్లవాణ్ని అమెరికా పంపడం కావచ్చు. ప్రభువు చెప్పాడన్నాక మనం అడ్డు ప్రశ్న వేస్తే ప్రభువునే ప్రశ్నించినట్టవుతుందని అందరికీ లోపల భయం.

నేను విశ్వాసుల ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ని. ప్రార్థన చేయకుండా మా ఇంట్లో ఏ పనీ మొదలవదు. దేవుడు తన పిల్లల్ని నడిపిస్తాడని నిండు మనసుతో నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే ఈ విషయం మీద మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను. దేవుణ్ని అడగడం ఒక దారి, మనుషుల్ని అడగడం ఇంకో దారి అని, మొదటిది విశ్వాసులది, రెండోది విశ్వాసం చాలనివాళ్లది అని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. బైబిల్లో నాకైతే ఆ అభిప్రాయానికి ఆధారం కనిపించదు. దేవుడు తన జనాన్ని నడిపించిన తీరు చూస్తే, చాలాసార్లు ఆయన మాట ఎవరో ఒక మనిషి నోటి నుంచే వచ్చింది. అదీ వినేవాళ్లకు నచ్చని మనిషి నోటి నుంచి.

యిర్మీయా గ్రంథంలో 40 నుంచి 43 దాకా ఉన్న నాలుగు అధ్యాయాలు మన ప్రసంగాల్లో పెద్దగా వినపడవు. పెద్ద నిర్ణయం ముందున్న ప్రతి కుటుంబం కలిసి కూర్చుని చదవాల్సినవి అవి.

బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసింది. క్రీ.పూ. 586 ప్రాంతం. జనంలో చాలామందిని చెరపట్టుకుపోయి, మిగిలిన బీదవాళ్ల మీద గెదల్యాను అధికారిగా పెట్టారు. అతను మిస్పాలో ఉండేవాడు. యోహానాను అనే సేనాధిపతి అతని దగ్గరికి వచ్చి, అమ్మోను రాజు నిన్ను చంపమని ఇష్మాయేలును పంపాడు, జాగ్రత్త అని చెప్పాడు. గెదల్యా నమ్మలేదు. యోహానాను విడిగా, రహస్యంగా మళ్లీ చెప్పాడు. ఇష్మాయేలు గురించి నువ్వు అబద్ధం చెబుతున్నావని గెదల్యా కొట్టిపారేశాడు. ఏడో నెలలో ఇష్మాయేలు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. కలిసి భోజనం చేస్తుండగానే లేచి గెదల్యాను చంపేశాడు.

యోహానాను చెప్పిందే నిజమైంది. ఇష్మాయేలు పట్టుకుపోతున్న జనాన్ని విడిపించింది కూడా అతనే. కానీ అధికారిని చంపినందుకు కల్దీయులు, అంటే బబులోనువాళ్లు, మిగిలినవాళ్ల మీద పగ తీర్చుకుంటారని అతనికి భయం పట్టుకుంది. మగవాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను అందరినీ తీసుకుని ఐగుప్తు (ఈజిప్టు) వైపు బయల్దేరాడు. బేత్లెహేము దగ్గర మజిలీ చేశారు. వాళ్లు ప్రవక్త యిర్మీయా దగ్గరికి వచ్చింది అప్పుడు. మేం వెళ్లాల్సిన దారి ఏదో నీ దేవుణ్ని అడిగి చెప్పు అన్నారు. మేలైనా కీడైనా ఆయన మాట వింటామని దేవుణ్ని సాక్షిగా పెట్టి మరీ అన్నారు.

పది రోజుల తరువాత జవాబు వచ్చింది. ఈ దేశంలోనే ఉండండి, బబులోను రాజుకు భయపడకండి, ఐగుప్తుకు వెళ్తే మీరు దేనికి భయపడుతున్నారో ఆ కత్తే అక్కడ మిమ్మల్ని తరిమి పట్టుకుంటుంది. వాళ్లేమన్నారు? "నువ్వు అబద్ధం చెబుతున్నావు." నీ లేఖకుడు బారూకు నిన్ను మా మీదికి ఎగదోస్తున్నాడు అని కూడా అన్నారు.

గెదల్యా యోహానానును ఏ మాటతో కొట్టిపారేశాడో, అదే మాటతో యోహానాను, అతని వెంట ఉన్నవాళ్లు యిర్మీయాను కొట్టిపారేశారు. ఈ చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను. యోహానాను చెడ్డవాడు కాదు. ధైర్యవంతుడు, జనం మేలు కోరినవాడు. ఒకప్పుడు తన మంచి సలహా వినక ఒక మనిషి ప్రాణం పోగొట్టుకున్నాడని తెలిసినవాడు. అయినా తన వంతు వచ్చేసరికి వినలేకపోయాడు. ఒకసారి మన అంచనా నిజమైతే, ఇక ప్రతిసారీ నిజమవుతుందనే నమ్మకం మనకు తెలియకుండానే పెరుగుతుంది. దానికి భయం తోడైతే ఇక చెప్పేదేముంది. అతను దారి అడిగేటప్పటికే మూటాముల్లె కట్టుకుని సగం దారిలో ఉన్నాడు. అతనికి కావలసింది దారి కాదు, పట్టిన దారి మీద ఆశీర్వాదం.

మనం చేసే ప్రార్థనల్లో చాలా భాగం ఇలా సగం దారిలో చేసేవే అని నాకు అనిపిస్తుంది. సంబంధం మాట్లాడుకుని, కట్నం కుదుర్చుకుని, హాలు బుక్ చేశాక "ప్రభువు చిత్తమైతే" అంటాం. వీసా ఇంటర్వ్యూ తేదీ వచ్చాక ఉపవాస ప్రార్థన పెడతాం. ఆ ప్రార్థనలు వ్యర్థమని నేను అనను. దేవుడు వాటినీ వింటాడు. కానీ దాన్ని దారి అడగడం అనకూడదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి దేవుణ్ని అడిగినా, పదిమంది పెద్దల్ని అడిగినా లెక్క ఒకటే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక బైబిలు వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో చాలామందికి ప్రియమైన ఆచారం. నేనూ తీసుకుంటాను, ఏడాదంతా బైబిల్లో పెట్టుకుంటాను. కష్టకాలంలో ఆ వచనం ఎంత ఆదరణ ఇస్తుందో నాకు తెలుసు. ఆ కార్డును చూపించి పొలం అమ్మకానికి పెట్టడం దగ్గర మాత్రం నాకు బాధ కలుగుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఎత్తి చూపే వచనం యిర్మీయా 29:11. మీకు హాని కాదు, సమాధానకరమైన ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే మాట. అది ఎవరికి రాసిన మాట? బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు. దాని పై వచనంలోనే 70 సంవత్సరాలు నిండాలని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, త్వరగా తిరిగి వెళ్తారని చెప్పే ప్రవక్తల మాట నమ్మకండి అని ఆ ఉత్తరంలో రాసి ఉంది. ఓపిక పట్టమని ఇచ్చిన వాగ్దానాన్ని తొందరపడడానికి అనుమతిగా వాడుకుంటున్నాం. అధ్యాయం మొత్తం పక్కన కూర్చోబెట్టి చదివించేవాళ్లు ఒక్కరుంటే చాలు, ఈ పొరపాటు జరగదు.

ఇంకో కొలమానం మన నోళ్లలో బాగా నలిగింది. "మనసులో సమాధానం ఉంది, తలుపులు తెరుచుకుంటున్నాయి." ప్రవక్త యోనా దేవుడు వెళ్లమన్న నీనెవెకు వెళ్లకుండా పారిపోయినప్పుడు తలుపులన్నీ తెరుచుకునే ఉన్నాయి. యొప్పేకు వెళ్లగానే తర్షీషుకు పోయే ఓడ సిద్ధంగా దొరికింది, కేవుకు డబ్బు ఉంది. తుఫానులో ఓడ బద్దలయ్యేలా ఉన్నా అతను అడుగున గాఢనిద్రలో ఉన్నాడు. అంతకన్నా ప్రశాంతత ఏముంటుంది? అటు సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు మనసు మరణమంత దుఃఖంలో ఉంది. ఆయన నడిచింది తండ్రి చిత్తంలోనే. నిర్ణయం సరైనదైనా గుండె దడదడలాడవచ్చు, టెన్షన్‌తో నిద్ర పట్టకపోవచ్చు. తప్పు నిర్ణయం తీసుకుని హాయిగా పడుకోనూ వచ్చు. మనశ్శాంతి దేవుడిచ్చే వరమే, కానీ దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఇల్లు తాకట్టు పెట్టకూడదు.

మరి ఎలా తెలుసుకోవాలి? అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం నాకు దీపంలా కనిపిస్తుంది. యూదులు కానివాళ్లు విశ్వాసంలోకి వస్తే సున్నతి చేయించుకోవాలా వద్దా అనేది ఆనాటి సంఘాన్ని చీల్చగలిగినంత పెద్ద ప్రశ్న. పౌలు, బర్నబా అంతియొకయ నుంచి యెరూషలేముకు వచ్చారు. అక్కడ జరిగింది చూడండి. మొదట వాదం, బాగా వాదం. తరువాత పేతురు లేచి తన అనుభవం చెప్పాడు. బర్నబా, పౌలు అన్యజనుల మధ్య జరిగినవి చెబుతుంటే అందరూ ఊరకుండి విన్నారు. యాకోబు లేఖనం తీసి చూపించాడు. పరిసయ్యుల నుంచి విశ్వాసంలోకి వచ్చినవాళ్లు తమ అభ్యంతరం దాచుకోలేదు. ఇదంతా అయ్యాక రాసిన ఉత్తరంలో "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని ఉంది. పరిశుద్ధాత్మ ఆ వాదం జరుగుతున్నంతసేపూ అక్కడే ఉన్నాడు, ఆ వాదంలోనే పని చేశాడు. నలుగురు కూర్చుని లెక్కలు వేసి, లేఖనం చూసి, ఒకరినొకరు ప్రశ్నించుకున్నంత మాత్రాన ఆత్మ నడిపింపు తగ్గిపోతుందని మనకు ఎవరు చెప్పారో నాకు అర్థం కాదు.

ప్రార్థన లేకుండా ఒట్టి పరిశీలనా చాలదు. ఇశ్రాయేలు నాయకుడు యెహోషువ దగ్గరికి, పక్కనే ఉండే గిబియోనీయులు సంధి కోరుతూ పాత బట్టలతో, ఎండి బూజు పట్టిన రొట్టెలతో వచ్చి దూరదేశం వాళ్లమని నమ్మించారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ ఆహారాన్ని పరీక్షించారు, యెహోవాను మాత్రం అడగలేదు. కళ్లకు కనిపించిన ఆధారాలన్నీ సరిపోయాయి, నిర్ణయం మాత్రం మోసంలో పడింది.

మా బాబాయి వాళ్లింట్లో జరిగింది చెబుతాను. తమ్ముడికి అమెరికాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎంఎస్ సీటు వచ్చింది. ఇల్లు హామీ పెట్టి అప్పు తీసుకోవాలి. విదేశీ చదువు రుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి అడుగుతాయి కదా. ఇంటిల్లిపాదీ ప్రార్థన చేశారు, వచనం వచ్చింది, పిన్నికి కలలో ఓడ కనిపించింది. కానీ బాబాయి ఒక మంచి పని చేశాడు. సంఘంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు. నేనూ వెళ్లాను.

ఆయన ముందు ప్రార్థన చేశారు. ఆ తరువాత వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒక్కో కాగితం తీసి అడగడం మొదలుపెట్టారు. "చదువు అయ్యేదాకా వాయిదా కట్టనక్కర్లేదంటున్నారు సరే, వడ్డీ ఆగుతుందా అయ్యా? ఆ రెండేళ్ల వడ్డీ కలిపితే అసలు ఎంతవుతుందో లెక్క వేశావా?" బాబాయి వేయలేదు. "ఉద్యోగం రావడం ఆలస్యమైతే నెలనెలా ఎవరు కడతారు? నీ జీతం ఇంకా ఎన్నేళ్లు?" తమ్ముడి వైపు తిరిగి, "ఈ కోర్సు నువ్వు ఎంచుకున్నావా నాన్నా, కన్సల్టెన్సీ వాళ్లు ఎంచారా?" అన్నారు. వాడు తల దించుకున్నాడు. చదువయ్యాక పని చేసుకోవడానికి మొదట 12 నెలలు, సాంకేతిక కోర్సులకు మరో 24 నెలలు దొరుకుతాయని, ఆ తరువాత హెచ్‌1బీ (ఉద్యోగ వీసా)కి ఏటా 85 వేల వీసాలకు లాటరీ ఉంటుందని వాడు చెప్పాడు. "లాటరీలో రాకపోతే?" అని అడిగి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరగా పిన్నిని అడిగారు: "అమ్మా, పాప పెళ్లికి ఏం మిగులుతుంది?"

పిన్నికి కోపం వచ్చింది. దారిలో, ఆయనకు విశ్వాసం లేదంది. వారం తరువాత ఆమే ఫోన్ చేసి ఆ వడ్డీ లెక్క ఎలా వేయాలో నన్ను అడిగింది. తమ్ముడు ఆ ఏడాది వెళ్లలేదు. హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు, మరుసటి సంవత్సరం ఫీజు తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీకి తనే వెతుక్కుని అప్లై చేశాడు, చిన్న అప్పుతో వెళ్లాడు. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. అక్కడ వాడి బతుకు సులువుగా ఏమీ లేదు. కానీ వాడు ఫోన్ చేస్తే ఆ ఇంట్లో ఎవరికీ గుండె గుభేలుమనదు. ఆ పెద్దాయన ప్రశ్నల్లో దేవుని నడిపింపు ఉందని ఇప్పుడు పిన్నే సాక్ష్యం చెబుతుంది.

ఇలాంటి పెద్దమనిషి ప్రతి సంఘంలోనూ ఉంటారు. టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, వ్యవసాయం చేసి చేసి మట్టి గుణం తెలిసినవాళ్లు మన పక్క కుర్చీల్లోనే కూర్చుంటారు. మనం మాత్రం అన్నింటికీ పాస్టరుగారి దగ్గరికే పరిగెడతాం. ఆపరేషన్ చేయించాలా వద్దా అని ఆయన్నే, షాపు పెట్టాలా వద్దా అని ఆయన్నే. పాపం ఆయనకు తెలియదని చెప్పే వీలు కూడా ఇవ్వం. మోషే పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే మామ యిత్రో చూసి, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పని పంచు అన్నాడు. దేవునితో ముఖాముఖి మాట్లాడిన మోషే మామగారి సలహా విన్నాడు. మిద్యాను యాజకుడి సలహా అది, ఇశ్రాయేలీయుడిది కూడా కాదు.

సలహా అడగడంలోనూ మోసం చేసుకోవచ్చు. అహాబు రాజు రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వెళ్లే ముందు దాదాపు 400 మంది ప్రవక్తల్ని అడిగాడు. అందరూ వెళ్లు, గెలుస్తావు అన్నారు. అతనితో కలిసి వెళ్లనున్న యూదా రాజు యెహోషాపాతుకు ఎక్కడో అనుమానం. ఇంకెవరూ లేరా అన్నాడు. ఒకడున్నాడు, మీకాయా, కానీ వాడు నాకు మంచి చెప్పడు, వాడంటే నాకు పగ అన్నాడు అహాబు. మనందరికీ ఒక మీకాయా ఉంటారు. ఏమంటారో ముందే తెలుసు కాబట్టి ఫోన్ చేయం. మిగతా బంధువులందరికీ చెప్పి ఆ ఒక్క మేనత్తకు, ఆ ఒక్క స్నేహితుడికి అంతా అయ్యాక చెబుతాం. ఎవరికి చెప్పడానికి మనసు వెనకాడుతుందో మొదట వాళ్లకే చెప్పాలని నా గట్టి నమ్మకం. అహాబు ఆ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఇక అన్నిటికన్నా నా మనసును కలచివేసే విషయం. నిర్ణయం ఒకరిది, బరువు ఇంకొకరిది అయ్యే సందర్భాలు. యోహానాను ఐగుప్తుకు తీసుకుపోయినవాళ్లలో స్త్రీలు, పిల్లలు, రాజకుమార్తెలు ఉన్నారు. వాళ్లను ఎవరైనా అడిగినట్టు ఎక్కడా లేదు. మన యూత్ మీటింగుల్లో ఒక అబ్బాయి ఒక అమ్మాయి దగ్గరికి వెళ్లి "నువ్వే నా భార్యవని ప్రభువు నాకు చూపించాడు" అంటాడు. ఆ పిల్ల కాదంటే దేవునికి అవిధేయురాలయినట్టే. పెళ్లయినవాడు ఒక రోజు ఇంటికొచ్చి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను, ప్రభువు పిలిచాడు అంటాడు. బియ్యం డబ్బాలో ఎంతుందో తెలిసిన భార్యను ఆ పిలుపు గురించి ఒక్క మాట అడిగి ఉండడు. ఇది నడిపింపు కాదు, దేవుని పేరు అడ్డం పెట్టుకుని ఎదుటి మనిషి నోరు మూయించడం. ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

ఆదికాండము 24వ అధ్యాయంలో అబ్రాహాము సేవకుడు ఇస్సాకుకు పిల్లను వెతుకుతూ వెళ్తాడు. బావి దగ్గర గుర్తు అడుగుతాడు. అడిగిన గుర్తు కూడా ఎంత తెలివైనదో చూడండి. నాకు నీళ్లిచ్చి, నా ఒంటెలకు కూడా పోస్తాను అనే పిల్ల కావాలి. పది ఒంటెలు. దాహంతో వచ్చిన పది ఒంటెలకు నీళ్లు తోడడానికి సిద్ధపడే పిల్ల గుణం ఏమిటో చెప్పనక్కర్లేదు. ప్రార్థన ముగియకముందే రిబ్కా వచ్చింది, అడిగినట్టే జరిగింది. తండ్రి బెతూయేలు, అన్న లాబాను ఇది యెహోవా వల్ల కలిగిన కార్యం అని ఒప్పుకున్నారు. అంత స్పష్టమైన నడిపింపు మనలో ఎంతమందికి దొరుకుతుంది? అయినా బయల్దేరే వేళకు ఇంటివాళ్లు ఆ పిల్లను పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. వెళ్తాను అంది. దేవుడే చూపించిన సంబంధంలో కూడా అమ్మాయిని అడిగి పంపారు. దేవుడు చూపించాడని మనం చెప్పుకునే సంబంధాల్లో అడగకుండా ఎలా పంపుతాం?

ఇంతా విని, మరి మనుషుల మాట కాదని దేవుని మాట విన్నవాళ్లు లేరా అని అడిగేవాళ్లు ఉంటారు. ఉన్నారు. అబ్రాహాము ఎవరి అనుమతీ లేకుండానే బయల్దేరాడు. పౌలు తన పిలుపు గురించి మనుషులతో సంప్రదించలేదని గలతీయులకు రాశాడు. నలుగురూ వద్దన్నంత మాత్రాన దేవుని పిలుపు కొట్టుకుపోదు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ అలా ఎదురీదినవాళ్లు ఎలా ఎదురీదారో కూడా చూడాలి కదా. కైసరయలో అగబు అనే ప్రవక్త వచ్చి పౌలు నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని, యెరూషలేములో నీకు ఇలాగే జరుగుతుంది అని చెప్పాడు. వెంట ఉన్నవాళ్లు, ఆ ఊరివాళ్లు వెళ్లొద్దని బతిమాలారు. పౌలు వాళ్లకు విశ్వాసం లేదనలేదు. వాళ్ల ఏడుపు చూసి తన గుండె బద్దలవుతోందన్నాడు. తాను బంధకాలకే కాదు, చావుకూ సిద్ధమన్నాడు. అతను పందెంలో పెట్టింది తన ప్రాణాన్ని. వేరొకరి ఇంటి కాగితాలు కాదు, వేరొకరి కూతురి జీవితం కాదు.

అతను ఒప్పుకోకపోయేసరికి వాళ్లు ప్రభువు చిత్తం జరుగుగాక అని ఊరుకున్నారు. ఊరుకుని ఇంట్లో కూర్చోలేదు. పౌలు బృందం యెరూషలేముకు బయల్దేరినప్పుడు కైసరయ శిష్యుల్లో కొందరు వాళ్లతో కలిసి నడిచారు, అక్కడ వాళ్లు దిగడానికి కుప్రకు చెందిన మ్నాసోను అనే పాత శిష్యుడి దగ్గర బస కుదిర్చారు.